తలుపుల్లేని మిల్లు

ఎనభైల మొదట్లో నేను ఆత్మకూరులో ఒక సహకార బ్యాంకు గుమాస్తాను. మార్చి వచ్చిందంటే మాకు గుండెదడే. మొండి బాకీలు వసూలు కాకపోతే ఇంక్రిమెంట్లు ఆపేస్తానని మేనేజరు బెదిరించేవాడు. కట్టని వాళ్ళ ఇంటి తలుపులు పీకి జీపులో వేసుకురావడం ఆ రోజుల్లో వసూలుకు రాజమార్గం. తలుపు పోతే పరువు పోయినట్టే. మర్నాటికల్లా ఎక్కడో ఒకచోట అప్పు చేసి తెచ్చి కట్టేవాళ్ళు. ఆ విద్యలో నేను బాగా ఆరితేరాను. నా పెన్ను కంటే స్క్రూడ్రైవరే ఎక్కువ అరిగింది.

ఆ ఏడు జీపు వేసుకుని ఉదయగిరి వెళ్ళాం. చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఒక సాయిబు, పనిముట్ల కోసం తీసుకున్న అప్పులో రెండు కిస్తీలు తప్పాడు.

"గిరాకీ లేదు సార్, ఒక్క నెల గడువియ్యండి" అన్నాడు.

లోపల ఆయన భార్య పచ్చి బాలింత. బిడ్డకు పది రోజులు కూడా నిండలేదు. అది చూసి కూడా తలుపు పీకాను. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

తలుపు జీపులో పెట్టగానే ఆయన తల్లి వచ్చి దాని పక్కనే ఎక్కి కూర్చుంది.

"దిగవ్వా" అన్నాను.

"ఎందుకు దిగాల? ఇంట్లో బాలింత పండుకోనుండాది, కుక్కలు తిరగతా ఉండాయి. తలుపు యాడికి పోతే నేనూ ఆడికే వస్తా. దాంతోనే తిరిగొస్తా."

దారి పొడుగునా నాకు పెళ్ళయిందా, జీతమెంత అని ఆరా తీస్తూనే ఉంది. బ్యాంకులో గోడకు చేరేసిన తలుపుకు వీపు ఆనించి కూర్చుని, వచ్చిన ప్రతివాడినీ "నీ తలుపు గూడా తెచ్చినారా నాయనా?" అని పలకరించసాగింది. తాగి వెళ్ళిపోతుందేమోనని మేనేజరు రెండుసార్లు కాఫీ ఇప్పించాడు. తాగింది కానీ కదల్లేదు.

అంతలో పెద్దాయన వచ్చాడు. ఆ ప్రాంతానికంతా నాయకుడు. సంగం రోడ్డులో రైస్ మిల్లు కడతానని మా దగ్గర పెద్ద అప్పు తీసుకుని, ఒక శంకుస్థాపన రాయి, నాలుగు స్తంభాలు వేసి ఊరుకున్నాడు. పైసా కట్టలేదు. ఆయన లోపలికి రాగానే మేనేజరు తన కుర్చీ ఆయనకిచ్చి నిలబడ్డాడు. అవ్వ ఆయన్నూ వదల్లేదు.

"నీ తలుపు గూడా తెచ్చినారా నాయనా?"

నేను అవ్వను వారించబోయాను. పెద్దాయన మాత్రం పగలబడి నవ్వాడు.

"నా మిల్లుకు గోడలే లేవు, తలుపులు యాడుంటాయవ్వా? వీళ్ళేం పీక్కొస్తారు?"

మేనేజరు నవ్వాడు, కాబట్టి మేమూ నవ్వాం. ఆ మిల్లు ఫైల్లో ప్రతి మార్చిలోనూ 'జప్తు చేయదగిన తలుపులు లేవు' అని రాసేది నేనే. మాట మేనేజరుది, దస్తూరి నాది.

అవ్వ నవ్వలేదు. "అట్నా!" అంది.

పెద్దాయన పోతూ పోతూ, "పాపం, ముసలామె తలుపు ఇచ్చేయండయ్యా" అన్నాడు, సొంత సొమ్ము దానం చేస్తున్నట్టు. సాయంత్రానికి అవ్వా తలుపూ అదే జీపులో ఇల్లు చేరారు. బిగించింది నేనే.

మళ్ళీ మార్చి వచ్చింది. ఈసారి ఆ వీధిలో సగం మంది పేర్లు మా జాబితాలో ఉన్నాయి. జీపు దిగి చూద్దును కదా, ఒక్క ఇంటికీ తలుపు లేదు! గోనెపట్టాలు, పాత చీరలు వేలాడుతున్నాయి. మనకంటే ముందు ఇంకో బ్యాంకు వాళ్ళు వచ్చి పోయారేమోనని డ్రైవరు కంగారుపడ్డాడు.

అవ్వ గడప మీద కూర్చుని, మనవరాలికి చెక్క చెంచాతో జావ తాగిస్తోంది. బిడ్డ బొద్దుగా ఉంది.

"తలుపులేమైనాయవ్వా?"

"లేవు నాయనా. తలుపుల్లేకపోతే మీరేం పీక్కోలేరని మీ పెద్దాయన చెప్పినాడు గదా. మేం గూడా ఆయన మాదిరే తలుపుల్లేకుండా పెట్టుకున్నాం."

చెక్క పని చేసేవాళ్ళ వీధిలో తలుపులు దాచడానికి చోటుకేం కొదవ? పెరట్లో దుంగల కుప్ప కింద మడతబందులు మెరుస్తూనే ఉన్నాయి. డ్రైవరూ చూశాడు. ఇద్దరం అటు తిరగలేదు.

జీపు బానెట్ మీద రిజిస్టరు పెట్టుకుని, ప్రతి పేరుకూ ఎదురుగా 'జప్తు చేయదగిన తలుపులు లేవు' అని రాశాను. ఏళ్ళ తరబడి రాస్తున్న వాక్యమే. సంతోషంగా రాసింది మాత్రం ఆ రోజే.

ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆగిపోయింది. పెద్దాయన మిల్లుకు మాత్రం ఇంకో అప్పు మంజూరైంది, తలుపులు పెట్టించడానికని.