ఆఫ్రికాలో తల్లి పేరు చెప్తారట

మా ఊళ్లో కోడళ్లకు పేర్లుండేవి కావు. పుట్టింటి ఊరే వాళ్ల పేరు. మా నాయనమ్మను అందరూ ‘ఇస్మాయిల్‌ఖాన్‌పేటామె’ అనేవాళ్లు. పోయిన మా తాతకూ ఆమె ‘పేటామె’నే. ఓటరు కాయితంలో సైతం పేటమ్మ అని రాసి ఊరుకున్నారు. ఇదేం విడ్డూరమని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

డెబ్బైల మొదట్లో నేను పటాన్‌చెరు బడిలో ఏడో తరగతి చదివేదాన్ని. మా సోషల్ టీచరమ్మ ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి. పాఠం కూడా పాటలాగే చెప్పేది. ఓ రోజు బోర్డు మీద ఆఫ్రికా గీసింది. పక్కన ఎవరో కొరికిన జొన్నరొట్టెలా ఉందది. పైన ఇసుక, నడుమ అడవి, కింది నుంచి పైకి పారే నైలు నది. అక్కడ వందల భాషలున్నాయంది. మన జొన్నలు మొదట పండింది కూడా అక్కడేనంది. పడమటి దిక్కున సొరబుర్రకు తీగలు కట్టి వాయిస్తూ, రాజుల వంశాలన్నీ నోటితోనే చెప్పేవాళ్లున్నారంది. అంత బాగా పాఠం చెప్పేవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

నేను ఆగలేక లేచి నిలబడ్డాను. "టీచర్, మా ఇంటికి గూడ వస్తరు గసుంటోళ్లు!"

అబద్ధం కాదు. కొన్నేళ్లకోసారి, కోతలయ్యాక, మా వంశం చెప్పే పెద్దాయన వచ్చేవాడు. వాకిట్లో గొంగడి పరుచుకుని, ముత్తాతల నుంచి మా నాయన దాకా పేర్లన్నీ పాడేవాడు. వడ్లు పోసి పంపేవాళ్లం.

సాయంత్రం ఆఫ్రికా మొత్తం నాయనమ్మకు అప్పజెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ ఊ కొట్టింది. "కొన్నిచోట్ల రాజు పేరుకు ముందు తల్లి పేరు చెప్తరట" అనేసరికి చేయి ఆగింది.

"తల్లి పేరా? నిజంగనా?"

"టీచర్ చెప్పింది."

"మన పెద్దాయన నా పేరు ఎన్నడు చెప్పలే" అంది. ఆ మాటలో కోపం లేదు, ఆశ ఉంది. ఆ తర్వాత రోజూ, "పెద్దాయన ఎప్పుడొస్తడే?" అని నన్ను సతాయించడం మొదలుపెట్టింది.

ఆ ఏడు కోసిందే మా చివరి పంట. పొలం ఫ్యాక్టరీకి పోయింది, నాయన అందులోనే షిఫ్టు డ్యూటీకి కుదిరాడు. పెద్దాయన రాగానే తల దించుకుని, "ఇదే ఆఖరు పెద్దయ్యా. ఇగ మాకు వడ్లెక్కడియి?" అన్నాడు. ఆయన గొంగడి పరుచుకున్నాడు.

నాయనమ్మ గడప దాటి వచ్చి ఎదురుగా నిలబడింది. "ఇగ మల్ల రావు గద. నా పేరు గూడ చెప్పి పో."

"ఆడోళ్ల పేర్లు చెప్పే ఆచారం లేదు తల్లీ."

"ఆఫ్రికాల చెప్తరట!"

"గదేడుంది? జహీరాబాద్ అవుతలనా?"

"ఏడుంటే ఏంది? ఆళ్లు గూడ మన లెక్కనే జొన్నలు తినేటోళ్లు."

పెద్దాయన పకపకా నవ్వి సరేనన్నాడు. కానీ వంశంలో చేర్చే పేరు ఇంటి పెద్ద నోటి నుంచే రావాలి, అది పద్ధతి. నాయన వైపు తిరిగి అడిగాడు. "అమ్మ పేరేంది పటేలా?"

నాయన నా వైపు చూశాడు. నాకు తెలిస్తే కదా! కన్నతల్లి పేరు తెలియక అంత మనిషీ వాకిట్లో దొంగలా నిలబడ్డాడు.

నాయనమ్మ కొడుకు భుజం తట్టింది. "నాకెర్కే బిడ్డా, నీకు తెల్వదని" అని, తనే చెప్పింది. మెల్లగా, ఎవరో దూరపు చుట్టం పేరు చెబుతున్నట్టు చెప్పింది. అయ్యో, ఎంత చక్కటి పేరు!

పెద్దాయన పాట ఎత్తుకున్నాడు. ముత్తాతలయ్యారు, తాతలయ్యారు, ఆ తర్వాత ఆమె పేరు, ఆమె కడుపున పుట్టిన మా నాయన పేరు. నాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపాగలేదు. నాయనమ్మ మాత్రం ఏడవలేదు. గొంగడి పక్కనే చతికిలబడి, "మల్లొక్కసారి చెప్పయ్యా" అంది.