శెట్టిగారి ట్రాముకు నేను బిగించిన మోటారు

నేను రిటైరయ్యే రెండేళ్ల ముందు, కరోనా తగ్గిన ఏడాది జూన్ నెలలో, మా అనంతపురం ఆసుపత్రివాళ్లు నాకు రాయదుర్గం డ్యూటీ వేసినారు. ప్రతి మంగళవారం బస్సులో పోయి, పక్షవాతం వచ్చినవాళ్లకు ఇంటిదగ్గరే వ్యాయామం చేయించి రావాల. అప్పటికి నేను సీనియర్ ఫిజియోథెరపిస్టుని. ముప్పై ఏళ్ల సర్వీసూ, దానికి తగిన పొగరూ రెండూ ఉండేవి.

జాబితాలో మొదటి పేరు నాగరాజశెట్టి గారిది. బట్టల అంగడి ఆయనది. సుద్దగీత లేకుండానే కత్తెరతో తిన్నగా గుడ్డ కోస్తారని ఊళ్లో పేరు. కుడిచేయి పడిపోయినాక అంగడి గడప తొక్కలేదు. "కత్తెర పట్టలేనోడికి అంగడెందుకమ్మా?" అన్నారు మొదటిరోజే.

వేళ్లకు బలం రావడానికి మేము మెత్తటి ముద్ద ఒకటిచ్చి పిసకమంటాం. ఆయన దాన్ని గోడకేసి కొట్టినారు. చపాతీ పిండి పిసికేదానికా నేనుండేది అని అరిచినారు. సరే అని మరుసటి వారం పిల్లల ప్లాస్టిక్ ఇటుకల డబ్బా తీసుకపోయినాను. డబ్బా మీద ట్రాం బొమ్మ ఉండింది. వయసులో సరుకు కోసం కలకత్తా పోయి ట్రామెక్కినారంట, మొహం వెలిగిపోయింది. మూడు వారాల్లో ఆ ఇటుకలతో ట్రాం కట్టేసినారు. ఆ తర్వాత రోజూ దాన్ని కుడిచేత్తో, డబ్బాలోనే వచ్చిన గుండ్రటి పట్టాల మీద తోసుకుంటా ఉండేవారు. పట్టు బిగించడం, మోచేయి చాపడం, నాకు కావలసిన వ్యాయామమంతా అందులోనే వచ్చేసింది. పిడికిలి బలం కొలిచే మీటరులో ముల్లు వారం వారం పైకే.

ఒకరోజు "ఇది దానంతట అది పోతే ఎంత బాగుంటాది మేడమ్!" అన్నారు. ఇంక నన్ను పట్టేవాళ్లెవరు? చిన్న మోటారు, బ్యాటరీ పెట్టె కొనుక్కుపోయి, నేల మీద చతికిలబడి అరగంటలో బిగించేసినాను. ట్రాం గిరగిరా తిరిగింది. శెట్టిగారి భార్య పద్మావతమ్మ నాకు ఓళిగలు, అదే బొబ్బట్లు, పెట్టింది.

పై వారం మీటరు ముల్లు కిందికి దిగింది. మీటరు చెడిందేమోనని నా చేత్తో నొక్కి చూసినాను, బాగానే ఉంది. అప్పుడు పద్మావతమ్మ చెప్పింది: "ఈయప్ప ఎడంచేత్తో స్విచ్చి నొక్కుతాడు, దినమంతా చూస్తా కూచుంటాడు. కుడిచేయి ఒళ్లోంచి లేస్తే ఒట్టు!"

సిగ్గుతో చచ్చిపోయినాననుకోండి. రోగి చేస్తాండిన వ్యాయామాన్ని మోటారుకు అప్పగించి, పైగా ఓళిగలు తిని వచ్చినాను.

అక్కడికక్కడే మోటారు ఊడబీకి, వైర్లూ పళ్లచక్రాలూ బల్ల మీద పోసినాను. "ఇచ్చింది పెరుక్కుంటావామ్మా?" అని శెట్టిగారు లేచినారు. కావాలంటే మీరే బిగించుకోండి, కుడిచేత్తో అన్నాను. మా వృత్తిలో ఒక చికిత్స ఉంది: బాగుండే చేతిని రోజూ కొన్ని గంటలు కట్టేసి, పడిపోయిన చేతితోనే పని చేయిస్తాం. ఆయన అంగట్లోని రవికగుడ్డతోనే ఎడంచేయి కట్టి, రోజూ అట్లే కట్టమని పద్మావతమ్మకు చెప్పినాను. నెల రోజులు నన్ను తిట్టని తిట్టు లేదు. ఒక మంగళవారం నేను పోయేసరికి మోటారు ఎక్కింది, కానీ ట్రాం వెనక్కి పోతాంది. "పోనీలే, కలకత్తాకు రివర్సులో పోదాం" అని ఆయనే నవ్వినారు. పళ్లచక్రం మళ్లీ ఊడదీసి సరిచేసేదానికి ఇంకో వారం పట్టింది.

ఆఖరి మంగళవారం నన్ను అంగడికే రమ్మన్నారు. బల్ల మీద గుడ్డ పరిచి కుడిచేత్తో కత్తెర అందుకున్నారు. సగం కోసినాక గుడ్డ జారింది. పట్టుకుందామని ముందుకు పోయిన నా చేతులను గబుక్కున వెనక్కి కట్టుకున్నాను. ఆయనే సర్దుకుని చివరిదాకా కోసినారు. "వంకర పోయిందే" అని గుర్రుమని, ఇంకో మీటరు గుడ్డ పరిచినారు.

కేసు షీటులో 'మోటారు బిగించడమైనది' అని నేను రాసుకున్న వరుస పక్కన ఎర్ర ఇంకుతో 'థెరపిస్టు తప్పు' అని రాసి సంతకం పెట్టినాను. రిటైరయ్యేదాకా కొత్తగా చేరినవాళ్లకు మొదట చూపించింది ఆ పేజీనే. రోగి చేయగలిగిన పని మనం చేసిపెడితే, ఆ పూటకు చికిత్స ఆగిపోయినట్టే.