పట్టీ ఎందుకు విప్పారంటే

నెహ్రూ నగర్ వెనకనున్న ట్రస్టు ఆసుపత్రిలో ఇంద్రాణి ఇరవై రెండేళ్లుగా కాళ్ల పుళ్లకు కట్లు కడుతోంది. పుట్టి పెరిగింది సెక్టర్ 6 క్వార్టర్లో. సోంపేట నుంచి రాయ్‌పూర్ దగ్గరి ఈ ఉక్కు ప్లాంటులో పనికి వచ్చిన మనిషి ఆమె తండ్రి. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లంతా నిలబడి బతికేవాళ్లే: ఫౌండ్రీ కూలీలు, వాచ్‌మన్లు, వంటవాళ్లు. కాళ్ల నరాలు తాళ్లలా ఉబ్బుతాయి, చీలమండ పైన చర్మం నల్లబడుతుంది, చిన్న దెబ్బకే పుండు పడుతుంది. ఇక ఏళ్ల తరబడి మానదు. మందుకంటే బిగించి కట్టిన పట్టీయే దానికి వైద్యం. ఆ బిగింపు ఎక్కడ ఎంత ఉండాలో ఇంద్రాణి చేతికి తెలుసు.

పదేళ్ల కిందట డాక్టర్ గురునాథరావు ఈ పుళ్ల మీద పరిశోధన మొదలుపెట్టాడు. కొలతల పని ఇంద్రాణి మీద పడింది. వారం వారం పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరచి, అంచు వెంట గీత గీసి, దాన్ని గళ్ల కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెట్టాలి. అలా మూడేళ్లు, రెండొందల పన్నెండు మంది. పట్టీ విప్పేసి వచ్చినవాళ్లను ఎందుకు విప్పావని అడిగి, ఆ జవాబు కూడా రిజిస్టర్లో రాసేది. అది రాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పరిశోధన విదేశీ పత్రికలో అచ్చయింది. ఎన్నో ఊళ్ల ఆసుపత్రులు దాన్ని చూసే వైద్యం చేస్తున్నాయని చెప్పి డాక్టరు మిఠాయి డబ్బా పంపాడు. ఇంద్రాణి సంతోషించింది. తన పేరు ఉందా లేదా అని కూడా అడగలేదు.

గురునాథరావు రిటైరయ్యాక వచ్చిన కొత్త డాక్టరు, నిరుడు గోడకు హిందీలో ఒక బోర్డు పెట్టించాడు. రెండుసార్లు పట్టీ విప్పినవారికి ఇక్కడ వైద్యం ఉండదని. మొదట కొట్టేసిన పేరు బలరాంది. ఫౌండ్రీలో కాంట్రాక్టు కూలీ అతను.

“పట్టీ మీద బూటు ఎక్కట్లేదు దీదీ. బూటు లేకపోతే గేటు దగ్గరే ఆపీస్తారు,” అన్నాడు అతను, వెళ్లిపోతూ.

ఇంద్రాణి కొత్త డాక్టరును నిలదీసింది. అతను ఫోన్లో గురునాథరావు వ్యాసమే తీసి చూపించాడు. పట్టీ విప్పేయడానికి ప్రధాన కారణం రోగుల అజ్ఞానం, అశ్రద్ధ అని అందులో ఉంది. ఆమె ఆ ఇంగ్లీషు వాక్యాన్ని కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. ఒళ్లు మండిపోయింది. తన రిజిస్టర్లలో డెబ్భై ఒక్క మంది పేర్ల పక్కన ఒకటే మాట: బూటు పట్టలేదు.

ఆదివారం పొద్దున్నే మూడు రిజిస్టర్లూ సంచిలో వేసుకుని గురునాథరావు ఇంటికి వెళ్లింది. ఆయన ఆప్యాయంగానే కూర్చోబెట్టాడు. టీ వచ్చింది గానీ ఆమె ముట్టుకోలేదు. విషయం విని ఆయన సర్దిచెప్పబోయాడు. అలాంటి వ్యాసాల్లో అలా రాయడం మామూలేనని, పత్రికవాళ్లు ఏదో ఒక కారణం అడిగారని, చోటు కూడా తక్కువని.

“ఎవరి అజ్ఞానం డాక్టరుగారూ?” అంది ఇంద్రాణి. “పట్టీ ఉంటే బూటు పట్టదు, బూటు లేకపోతే పని ఉండదు. డెబ్భై ఒక్క మంది నా ఎదర కూర్చుని చెప్పారు. నేను రాసి మీ బల్ల మీద పెట్టాను. చదవనిది మీరు. అశ్రద్ధ వాళ్లదని ఎలా రాసీసారు?”

ఆయన రిజిస్టరు తిప్పాడు. ప్రతి పేజీ అడుగునా ఆయన సంతకమే ఉంది.

“సంతకం పెట్టానమ్మా, చదవలేదు,” అన్నాడు చివరికి. పత్రికకు దిద్దుబాటు ఉత్తరం రాస్తానన్నాడు.

అయినా ఆమె కోపం దిగలేదు. ఉత్తరం తర్వాత సంగతి, ముందు ఆ బోర్డు తీయించమంది. మర్నాడు ఆయన తనే ఆసుపత్రికి వచ్చి, కొత్త డాక్టరు ముందు రిజిస్టర్లు పరిచాడు. బోర్డు దిగడానికి మరో రెండు వారాలు పట్టింది.

బలరాంకు కబురు పెడితే వచ్చాడు. వైద్యం ఆగిన ఐదు నెలల్లో ఎవరో ఇచ్చిన పొడి చల్లుకున్నాడట. పదకొండు గళ్లున్న పుండు ముప్ఫై నాలుగు గళ్లయింది. ఇంద్రాణి గీసి, గళ్లు లెక్కపెట్టి, పట్టీ కట్టింది. పెద్ద బూట్లు ఇమ్మని గురునాథరావు రాసిచ్చిన కాగితాన్ని కాంట్రాక్టరు ఇంకా పట్టించుకోలేదు.

ఉత్తరం అచ్చయింది, అరపేజీ. ఈసారి ఇంద్రాణి పేరూ ఉంది. కానీ వ్యాసం చదివినంతమంది ఉత్తరం చదవలేదు. మొన్న రాయ్‌పూర్‌లో నర్సులకు శిక్షణ పెడితే వెళ్లింది. అక్కడ ఒకావిడ తెర మీద అదే వాక్యం చూపించి, రోగుల అజ్ఞానం గురించి మొదలుపెట్టింది. ఇంద్రాణి లేచి నిలబడింది. ప్రశ్నలు చివర్లో అడగమన్నారు.

“ఇది ప్రశ్న కాదు,” అని హిందీలో చెప్పి, బూట్ల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు. ఆమె కూర్చుంది. పాఠం చెప్పే ఆవిడ తెర మీద తర్వాతి బొమ్మకు వెళ్లిపోయింది.