బంద్ రోజుల బండి, నాన్న హెల్మెట్

అప్పట్లో చిక్కడపల్లిలో బంద్ రోజు చప్పుడుతో కాదు, చప్పుడు లేకపోవడంతో తెల్లారేది... పొద్దున్నే బస్సు హారన్ వినపడలేదంటే చాలు, ఇవాళ రోడ్డు మాదేనని కళ్లు తెరవకుండానే తెలిసిపోయేది.

ఉద్యమం నడుస్తున్న రోజులు. దుకాణాల షట్టర్లు కిందికి, పిల్లల క్రికెట్ వికెట్లు మెయిన్ రోడ్డు మీదికి... నేను డిగ్రీలో కొత్తగా చేరాను. పద్దెనిమిది నిండాయి కాబట్టి పెద్దదాన్నయ్యానని నేను అనుకుంటున్నాను, ఇంట్లో ఇంకెవరూ అనుకోవడం లేదు.

లెర్నర్ లైసెన్స్ చేతికొచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే బండి... నాన్న ఆఫీసుకు వేసుకెళ్లే గేర్ల మోటార్ సైకిల్. రోజూ కోఠిలోని కాలేజీకి బస్సు ఫుట్‌బోర్డు దగ్గర నలుగుతూ వెళ్లేదాన్ని. ఆ బండి తాళంచెవి నా చేతికి రావాలి. అప్పట్లో నాకున్న పెద్ద కోరిక అదే.

బంద్ అయితే నాన్నకు ఆఫీసు ఉండదు, నాకు కాలేజీ ఉండదు, అశోక్‌నగర్ గల్లీల్లో అడ్డొచ్చేవాళ్లుండరు. అదే మా డ్రైవింగ్ స్కూల్.

బయల్దేరే ముందు నాయనమ్మ తనిఖీ. వేలాడితే చక్రంలో పడుతుందని చున్నీని నా నడుముకు చుట్టి గట్టిగా ముడేసేది. చెప్పులతో వెళ్తానంటే గడప దాటనిచ్చేది కాదు, బూట్లే. ఆ తర్వాత నాన్న తన నల్ల హెల్మెట్ నా తలకు తొడిగేవాడు. అది ఎంత వదులంటే, నేను కుడికి తిరిగితే అది కాసేపు ఆలోచించుకుని తిరిగేది...

"అన్నం వండే గంజు బోర్లిచ్చినట్టే ఉన్నది పిల్ల నెత్తికి," అనేది నాయనమ్మ.

విచిత్రమేమిటంటే, నాకు అంత పట్టుదలగా పెట్టే నాన్న తను మాత్రం పెట్టుకునేవాడు కాదు. ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆయన హెల్మెట్ పెట్రోల్ ట్యాంకు మీద కూర్చుని వెళ్లేది. నారాయణగూడ చౌరస్తా కనపడగానే తలకెక్కేది, పోలీసు దాటగానే దిగేది.

అశోక్‌నగర్‌లో మాకు ప్రేక్షకులు కూడా ఉండేవాళ్లు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ సర్కారు కొలువులకు చదువుకునే అన్నలు, సగం దించిన చాయ్ షట్టర్ ముందు పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. నేను క్లచ్ వదలడం, బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోవడం, వాళ్లు పేజీ తిప్పడం మానేయడం... అన్నీ ఒకేసారి జరిగేవి.

ఒకరోజు వాళ్లలో ఒకాయన ఉండబట్టలేక అడిగాడు. "చెల్లె, రోడ్డు మీద కుక్క గూడ లేదు. గా టోపీ ఎవరి కోసం?"

నా వెనక కూర్చున్న నాన్న తల తిప్పకుండానే అన్నాడు. "పరీక్ష హాల్ల కూసున్నంక చదువుడు షురూ జేస్తవా తమ్మీ?"

"కాకా, దెబ్బ గట్టిగనే తాకింది," అని ఆయనే ముందు నవ్వాడు. మిగతావాళ్లు వారం పాటు ఆయన్ని నాన్న ప్రశ్నే అడిగి ఉంటారు.

అలా బంద్ వెంట బంద్... బండి ఎగరడం మానేసింది. గల్లీ చివర బండితో ఎనిమిది అంకె కూడా వేశాను. ఇక తాళంచెవి ఇమ్మన్నాను.

"బంద్ నాడు నేర్సుకున్న బండి బంద్ నాడే నడుస్తది బిడ్డా," అన్నాడు నాన్న. "మామూలు రోజు నన్ను ఎన్క కూసోవెట్టుకొని కోఠి దాక తీస్కపో. అప్పుడు చెవి నీదే."

ఆ మాట నాకు గుచ్చుకుంది. సోమవారమే వెళ్దామన్నాను.

సోమవారం రోడ్డు అసలు రూపం చూశాను. నారాయణగూడ చౌరస్తాలో పచ్చ లైటు పడింది, బండి ఆగిపోయింది... వెనక బస్సు హారన్. కిక్ కొట్టి కదిలేసరికి ఎడమ నుంచి ఆటో దూసుకొచ్చింది. హ్యాండిల్ తిప్పి, ముందు బ్రేకు బిగించి పట్టుకున్నాను. ఖాళీ గల్లీలో ఎప్పుడూ అవసరం రాని పని అది...

బండి పక్కకు ఒరిగింది. నా తల మీది హెల్మెట్ ఫుట్‌పాత్ రాయికి తగిలి టప్‌మంది. నాకేమీ కాలేదు. లేచి చూస్తే... నాన్న నేల మీద కూర్చుని మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. అదే రాయి ఆయన ఉత్త తలకు జానెడు దూరంలో ఉంది. నేను చూసింది ఆయనా చూశాడు.

"తలకాయకేమన్న తాకిందా బిడ్డా?" అన్నాడు. అంతే. ఇంటిదాకా తనే నడిపాడు.

"ఇగ సాలు. బస్సులనే పో," అని నాయనమ్మ తీర్పు చెప్పేసింది. నాన్న తాళంచెవిని మేకుకు తగిలించి లోపలికి వెళ్లిపోయాడు. నాకు దానికే ఎక్కువ భయమేసింది. ఆ రాత్రి మేకుకు వేలాడుతున్న తాళంచెవి వైపు చూడకుండా అన్నం తిన్నాను.

మర్నాడు సాయంత్రం నాన్న పెద్ద సంచితో వచ్చాడు. దెబ్బ తిన్న హెల్మెట్ ఇక పనికిరాదని సజ్జ మీద పడేశాడు. సంచిలోంచి కొత్తది తీసి నా తలకు పెట్టి అటూ ఇటూ ఊపి చూశాడు. నేను తిరిగితే అదీ తిరిగింది, ఆలోచించుకోకుండా...

తర్వాత ఇంకొకటి తీసి తన తలకు పెట్టుకున్నాడు. గడ్డం కింద పట్టీ టక్‌మంది.

"నువ్వు చౌరస్తా కాడనే పెట్టుకుంటవ్ గద నాన్నా?" అన్నాను.

"ఎన్క కూసునేటోనికి గూడ తలకాయ ఉంటది బిడ్డా," అంటూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నడువు, కోఠి పోదాం."

నాయనమ్మ నా చున్నీ ముడి ఇంకోసారి బిగించింది.

దారిలో బండి ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు... కానీ కోఠి చేరాం.

ఇప్పుడు ఆ రోడ్డు ఏ రోజూ ఖాళీగా ఉండదు. ఎనిమిది అంకె వేయడానికి అశోక్‌నగర్‌లో గల్లీ కూడా దొరకదు. నాన్న బండి నడపడం మానేశాడు, ఎక్కడికైనా నా వెనకే. ఇప్పటికీ వెనక నుంచి ఆ టక్ వినపడితే తప్ప నేను క్లచ్ వదలను...

మీరు బండి నేర్చుకున్న రోజుల్లో, మీ వెనక సీట్లో ధైర్యంగా కూర్చున్నది ఎవరు?