పది నలభై ఆరుకి అయిపోయే చలికాలం

మా పక్కింటి ఆర్లీన్ పెల్కీకి అరవై మూడేళ్లు. ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతుంది. కొండలెక్కేవాళ్ల క్లబ్బు జాబితాలో వంద కొండలుంటే ఇరవై రెండేళ్లలో తొంభై తొమ్మిది ఎక్కింది, అన్నీ చలికాలంలోనే.

మా ఊళ్లో చలికాలం అక్టోబరులో వచ్చి మే నెలలో పోతుంది. క్లబ్బువాళ్ల చలికాలం అలా కాదు. డిసెంబరులో ఫలానా నిమిషానికి పుట్టి, మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే నిమిషానికి చస్తుంది. ఆలోపు కొండెక్కి, దిగి, కారు దగ్గరికి చేరాలి. ఒక్క నిమిషం దాటినా, మెడలోతు మంచులో ఈదుకుంటూ వచ్చినా, అది వసంత విహారమే.

మిగిలిన ఆ ఒక్కటీ పాట్‌లిడ్. అమెరికాలో మా న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పుట్టినవాళ్లకే ఆ పేరు తెలియదు. తెలియకపోవడానికి తగిన కారణాలు కొండ దగ్గర పుష్కలంగా ఉన్నాయి. కాలిబాట లేదు. పైకెక్కితే కనిపించేది ఇంకో చెట్టు. కొండ మొదలుకి వెళ్లే కలప కంపెనీ రోడ్డు ఏడు మైళ్లు మంచు కింద ఉంటుంది కనక రెండు రోజుల పని, మధ్యలో రాత్రి డేరా. ఆర్లీన్ తన బండితో ఆ రోడ్డుని గంటలో శుభ్రం చెయ్యగలదు. చేస్తే కంపెనీ కేసు పెడుతుంది. ఊరందరికీ దారి చేసే మనిషి తన కొండకి మాత్రం నడిచే వెళ్లాలి.

మార్చి ఇరవై ఏడున ఆవిడ మోకాలి చిప్ప మార్చబోతున్నారు. ఆ తర్వాత మూట మోస్తూ మంచులో కొండలెక్కడం లేదని డాక్టరు చెప్పేశాడు. ఈ చలికాలం దాటితే లెక్క తొంభై తొమ్మిది దగ్గరే ఆగిపోతుంది.

ఒంటరిగా వెళ్తానంటే భర్త లూసియన్ ఒప్పుకోలేదు. తోడుకి వాళ్లకి దొరికిన సాహసిని నేను. నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం, ఇంట్లో పధ్నాలుగు నెలల కూతురు జూన్. దాన్ని కూరగాయల దుకాణానికి తీసుకెళ్లాలంటే నాకు నలభై నిమిషాల సన్నాహం కావాలి. చలిలో ఒళ్లు ఎంతసేపట్లో ఎన్ని డిగ్రీలు కోల్పోతుందో పట్టిక గీసి ఆర్లీన్‌కి ఇచ్చాను. శ్రద్ధగా చదివి, వెనకవైపు సరుకుల జాబితా రాసుకుంది.

నాలుగు నెలలు ప్రతి ఆదివారం వాళ్ల వంటింట్లో కూర్చున్నాం. కొండ మీద చీజు రాయైపోతుంది కాబట్టి ఇంట్లోనే ముక్కలు కోసుకోవాలట. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత బిగుసుకోకుండా సీసాలు తలకిందులుగా పెట్టాలట. ఇవి ఆవిడ చెప్పినవి. రెండో స్టవ్, మూడో లైటు, నాలుగో జత గ్లవ్స్ నా చలవ.

మార్చి పందొమ్మిది గురువారం బయల్దేరి, శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి తిరిగి రావాలన్నది పథకం. కోళ్ల దాణా కొట్టువాళ్లు పంచిన క్యాలెండర్‌లో చలికాలం శుక్రవారం మధ్యాహ్నం రెండూ నలభై ఆరుకి ముగుస్తోంది. ఆర్లీన్ దానిచుట్టూ ఎర్ర సున్నా చుట్టింది.

పదిహేనో తేదీ ఆదివారం నేను ఆ గడి కింద ఇంకా చిన్న అక్షరాల్లో ఉన్న వరస చదివాను. పిల్లల మందు సీసాలు ఈ అలవాటు చేస్తాయి.

"ఆర్లీన్, ఈ టైం మనది కాదు. ఇంగ్లండ్‌ది."

"ఇంగ్లండ్‌కీ మన కోళ్లకీ ఏంటమ్మాయ్ సంబంధం?"

"గ్రీనిచ్ టైం వేశారు. మనకి నాలుగు గంటలు ముందే అయిపోతుంది."

"ఐదు కదా?"

"పోయిన వారమే గడియారాలు ముందుకి తిప్పాం కదా. నాలుగే. పొద్దున పది నలభై ఆరుకి."

పొయ్యి దగ్గర చిక్కుళ్లు కలుపుతున్న లూసియన్ తిరిగాడు.

"మీరు వచ్చే ఒంటిగంటకీ దానికీ రెండు గంటల తేడాయేగా. కాగితం మీద పది అని రాసెయ్. అక్కడ మిమ్మల్ని చూసేది దుప్పులే."

"నువ్వు పట్టిన చేప మూరెడుందని ఊరంతా చెప్పుకుంటూ తిరిగితే నేనేమన్నా అన్నానా? నాకు మాత్రం అలాంటివి నేర్పకు."

లూసియన్ చిక్కుళ్ల వైపు తిరిగిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం నుంచి గురువారం రాత్రి దాకా తుపాను మంచు అని రేడియో చెబుతోంది. మంచు పడితే ఆర్లీన్ తన బండిలో ఉండాలి. ఇరవై ఆరేళ్లలో ఒక్క తుపానూ ఎగ్గొట్టలేదు. మంగళవారం వెళ్తే బుధవారానికి డ్యూటీకి అందదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "రేపు," అంది. అడిగినట్టు లేదు, బతిమాలినట్టు అసలే లేదు. క్యాలెండర్‌కి చెప్పినట్టు చెప్పింది.

జూన్‌కి జలుబు, ముక్కు కారుతోందన్నాను.

"కారుతుంది. నువ్వు పక్కనుంటే ఆగుతుందా?"

చదువుకున్న సైన్సంతా తిరగేశాను. జలుబు తల్లి ఉన్నా వారమే, లేకపోయినా వారమే. ఇంటికి ఫోన్ చేసి జూన్ వాళ్ల నాన్నకి చెప్పాను. రెండు రాత్రులేనా అన్నాడు. ఒక్కటే అన్నాను. నాలుగు నెలల పథకం అరగంటలో మూటల్లోకెక్కింది. నాలుగో జత గ్లవ్స్ దారిలో ఆవిడే తీసి కారులో పడేసింది.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి పాట్‌లిడ్ మీద నిలబడ్డాం. చుట్టూ స్ప్రూస్ చెట్లు. ఒకదానికి గాజు సీసా కట్టి ఉంది, అందులో వచ్చినవాళ్లు పేర్లు రాసే చిన్న పుస్తకం. ఆర్లీన్ తన పేరు, తేదీ, టైం రాసి, పక్కన వంద అని వేసింది.

తర్వాత వెనక పేజీలు తిప్పింది. పోయినేడు ఏప్రిల్ రెండున బోస్టన్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు, ఆరడుగుల మంచులో ఘనమైన చలికాలపు ఆరోహణ అని పెద్దక్షరాల్లో రాసుకున్నారు. ఆర్లీన్ పెన్సిల్ మొన నోట్లో పెట్టి తడిపింది. "చలికాలపు" అన్నమాట కొట్టేసి, పైన "వసంతపు" అని రాసి, కింద సంతకం పెట్టింది.