రోడ్డు రోలరు టైటస్‌కు విమానం కార్డు

మా బావమరిది టైటస్ బతుకంతా రోడ్డు రోలరు నడిపాడు. ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. మా చెల్లెలు లోయిస్‌ను ఇచ్చి పెళ్ళి చేసిందీ నేనే. దేశనూరు మిషన్ బడిలో ఏడో తరగతి వరకే చదివినా, బ్రూస్‌పేట సంఘంలో పెద్దగా నిలిచి ఎన్ని సంబంధాలు కుదిర్చానో, ఎన్ని తగాదాలు తీర్చానో ఈ పేటలో ఎవరినడిగినా చెబుతారు. దేశనూరు రోడ్డు మా సమాధుల తోట మధ్యలోంచి పోకుండా ఇంజనీరుకు ఎదురు నిలిచి ఆపించిన వాడినీ నేనే. అయితే ఇది టైటస్ కథ.

టైటస్ రోలరు ఎంత నిదానమంటే, గొర్రెల మంద దాన్ని దాటిపోయి, మేత మేసి, మళ్ళీ ఎదురొచ్చేది. ఒకనాడు లోయిస్ అన్నం క్యారియరుతో నడిచి వచ్చి, కదిలే రోలరు ఎక్కి, మొగుడికి వడ్డించి, గిన్నెలు సర్దుకొని దిగిపోయింది. బండి ఆగలేదు. ఆమె చనిపోయాక సొంతూరు దేశనూరులో, ఆ సమాధుల తోటలోనే మట్టి చేశాము.

అంత నిదానమైన మనిషికి కూడా ఒక మాట ముల్లులా గుచ్చుకుంది. తోటి డ్రైవరు రుద్రేశ్‌ది, ఇద్దరూ రిటైరయ్యాక కూడా, టీ అంగడిలో కనబడినప్పుడల్లా అదే పాట.

"ఏమప్పా టైటస్, దేశనూరు రోడ్డును పాము మాదిరి వంకరగా తొక్కి పెట్నావే!"

"నేరుగా ఉండాది లేప్పా. రోలరు మింద కూచోని నేనే చూసినా గదా."

"నీ రోలరు పోయే స్పీడుకు రోడ్డు తిరిగింది నీకేం తెలుస్తాది?"

ఇది తేలాలంటే పైనుంచి చూడాలని టైటస్ నిశ్చయించుకున్నాడు. హైదరాబాదు పోయే విమానం దేశనూరు మీదుగానే పోతుంది. కానీ రుద్రేశ్ మాటకు సొంత డబ్బు ఖర్చు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. ఆ సమయంలోనే బజారులో గొడుగు కింద కూర్చున్న రక్షిత అనే అమ్మాయి విమాన కంపెనీ క్రెడిట్ కార్డు గురించి చెప్పింది. కార్డు వస్తే రెండు టికెట్లు ఉచితం, ఆ తరువాత ఏం కొన్నా పాయింట్లు, పాయింట్లు పోగైతే మళ్ళీ విమానం. టైటస్ అడిగింది ఒకటే.

"కిటికీ పక్క సీటు ఇస్తారామ్మా?"

రుద్రేశ్ చెవిన పడుతుందేమోనని ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు. తప్పంతా అక్కడుంది.

ఒక రోజు బూట్లు మెరిసే యువకుడొకడు మా ఇంటికి వచ్చాడు. పేరు సిద్ధేశ్ అన్నాడు. "టైటస్ గారి గురించి విచారించాల తాతా. ఆయనే మీ పేరు చెప్పినారు. సొంత ఇల్లేనా? పెన్షన్ వస్తాదా? ఇంట్లో ఎవరుండారు?"

మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. భార్య పోయినవాడికి మళ్ళీ సంబంధం చూస్తే, ఆడపిల్ల తరఫువాళ్ళు మొదట ఆ పోయిన భార్య అన్న దగ్గరికే వచ్చి మంచిచెడ్డలు అడుగుతారు. ఆయన సరే అంటేనే ముందడుగు. అందుకే మూడు ప్రశ్నలకే నాకు విషయం తెలిసిపోయింది. పేరు చూస్తే మన సంఘం కాదు, ఈ వయసులో ఎవరైతే ఏమి అనుకున్నాను. లోయిస్ గుర్తొచ్చింది. అయినా పెద్దరికం పెద్దరికమే.

"రాసుకో నాయనా. బంగారం లాంటి మనిషి. ఒకరి దగ్గర చేయి చాచింది లేదు. చేతిలో లేనిది కొనడు. ఉన్నా కొనడు. పొద్దు గూకితే ఇల్లు కదలడు. ఈ జిల్లా దాటి పోయిందే లేదు. ఇట్లాంటోడు మీకు యాడ దొరుకుతాడు?"

సిద్ధేశ్ నా ముఖం కేసి వింతగా చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆదివారం గుడిలో ప్రకటనలు చదివేది నేనే. "సహోదరుడు టైటస్‌కు సంబంధం వచ్చింది. లోయిస్ అన్నగా నాకు సమ్మతమే," అన్నాను. ఆడవాళ్ళ వైపు అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. టైటస్ లేచి నిలబడ్డాడు.

"బావా! ఆ పిల్లోడు బ్యాంకోడు! విమానం కార్డుకు వచ్చినాడు!"

"విమానం కార్డా?" అంది ముందు వరుసలోని కృపమణి. "అయితే పెండ్లికూతురు పైనుంచే దిగుతాదేమో!"

పాస్టరు గారు వెంటనే పాట ఎత్తుకున్నారు.

బయటికి వచ్చాక నేను ఇచ్చిన సాక్ష్యం విని టైటస్ మెట్ల మీద కూలబడ్డాడు. "చేతిలో లేనిది కొనడని చెప్పినావా? ఇల్లు కదలడని కూడానా? ఇంక కార్డు యాడిస్తారు బావా? రోడ్డు యాడ చూస్తా?"

నా మాట వల్ల ఒకరి పని చెడిందన్న చరిత్ర నాకు లేదు. మరునాడే ఆయన్ను ఆటో ఎక్కించి బ్యాంకుకు తీసుకుపోయాను.

"నాయనా సిద్ధేశూ, మొన్న చెప్పింది కొట్టేయి. ఈయన మహా దుబారా మనిషి. కనబడిందల్లా కొంటాడు. కాలు ఒక చోట నిలవదు."

టైటస్ తల ఊపుతూనే, అతుకులు వేయించిన చెప్పులను కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"తాతా, ఆ ఇల్లు ఉండాదా, ఈయన ఆడ ఉంటాడా, పెన్షన్ వస్తాదా, నేను చూడాల్సింది అంతే," అన్నాడు సిద్ధేశ్. "మిగతాదంతా మీరే చెప్పుకుంటా పోయినారు. టీ ఇచ్చినారు గదా అని కూచోని విన్నా."

కార్డు వచ్చింది. రెండో టికెట్టు టైటస్ నాకే ఇచ్చాడు. కిటికీ పక్క సీటు నేను ఆయనకు వదిలేశాను. వయసులో పెద్దవాడినైనా వదిలేశాను, అదీ చెప్పాలి.

విమానం లేచింది. పొలాల మధ్య రోడ్డు దారం లాగినట్టు నేరుగా పోయింది. దేశనూరు దగ్గర మాత్రం ఒక పచ్చటి చదరం చుట్టూ కొడవలిలా వంగి, మళ్ళీ నేరుగా సాగింది. టైటస్ ఆ వంపు వెంబడి అద్దం మీద వేలితో గీశాడు.

"వంకరే బావా. రుద్రేశ్ చెప్పింది నిజమే."

"ఆ వంకర నాదప్పా. సమాధుల తోట కోసం ఇంజనీరుతో గీత జరిపించింది నేనే గదా."

ఆ మాట నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. విని విని ఆయన వినడమే మానేశాడు కాబోలు. ఇప్పుడు నుదురు అద్దానికి ఆనించాడు.

"అయితే లోయిస్‌కు జాగా విడిచిపెట్టి పోయినా అన్నమాట, అప్పుడే."

తిరిగి వచ్చాక టీ అంగడిలో రుద్రేశ్ కాచుకొని ఉన్నాడు. "ఏమప్పా, చూసినావంట. వంకరేనా?"

"వంకరే లేప్పా. మా ఇంటావిడ ఆడ ఉండాది గదా, పక్కకు జరిగి పోయినా."

టీ డబ్బులు టైటస్సే ఇచ్చాడు. కార్డు చొక్కా పై జేబులోనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. లోపలి జేబులోంచి నోటు తీశాడు. చేతిలో లేనిది కొనడని నేను మొదట చెప్పిన సాక్ష్యమే నిజం.