రిమైండర్ అంటే శేషం

పొద్దున టిఫిన్ తిని చేయి కడుక్కునే వేళకు ఫోన్ మోగుతుంది, బీపీ గోలీ వేసుకోమని. తెర మీద ‘రిమైండర్’ అని తెలుగు అక్షరాల్లోనే కనపడేటట్టు మా అమ్మాయి పెట్టి వెళ్లింది. ఆ మాట చూసినప్పుడల్లా ఓపిక లేకపోయినా నవ్వు వస్తుంది, ఎందుకంటే ఒకప్పుడు ఆ మాటే నా బతుకుతెరువుకు ఎసరు పెట్టబోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేము సారపాకలో ఉండేవాళ్లం. కాగితం మిల్లుకు వచ్చే జామాయిల్ కర్ర దింపే పనికి పోయే మా ఆయనకు నడుము పట్టేసి, బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్పేశాడు. కంప్యూటర్ కోర్సు పాసైతే ఆపరేటరుగా పెట్టుకుంటామని భద్రాచలంలో ఒక ఆఫీసువాళ్లు అనడంతో, ముప్పై దాటిన వయసులో, బడికి పోయే కూతురున్న నేను, డిగ్రీ పిల్లల మధ్య పోయి కూర్చున్నాను. ముదిరిన బెండకాయనని వాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు, అబద్ధమేమీ కాదు గనుక నేనూ పట్టించుకోలేదు.

ఇంటి పని మా అత్తమ్మ మీద వదిలేసి, కిక్కిరిసిన బస్సులో గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలంలో కంప్యూటర్ సెంటరుకు చేరేసరికే సగం ప్రాణం పోయేది. అక్కడ కరెంటు ఉంటే కంప్యూటర్ ఖాళీ ఉండదు, కంప్యూటర్ ఖాళీగా ఉంటే కరెంటు ఉండదు. ఆ రోజుల్ని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది చదువు కాదు, అలసటే.

అలాంటి అలసటలో ఒకనాడు, అంకెల్ని తిరగేసే ప్రోగ్రామ్ మొదలుపెట్టింది మా మేడం. మేడమంటే నాకంటే చిన్నది, కొత్తగూడెం పిల్ల, నన్ను అక్కా అనే పిలిచేది. మూడు వందల నలభై అయిదు ఇస్తే అయిదు వందల నలభై మూడు రావాలి, అందుకు పదితో భాగించి రిమైండర్ తీసుకోవాలి అని చెప్పింది. నేను చదివింది తెలుగు మీడియం. రిమైండరంటే నాకు తెలిసింది ఒక్కటే, గడువు దాటితే ఆఫీసుల నుంచి వచ్చే గుర్తుచేసే కాగితం. అంకెను కంప్యూటర్ మర్చిపోతుంది కాబోలు, మళ్లీ మళ్లీ గుర్తుచేయాలి కాబోలు అనుకుని, వారం పాటు ఆకుకు అందకుండా పోకకు పొందకుండా ఏదేదో కొట్టుకుంటూ కూర్చున్నాను. ఆఖరికి సిగ్గు విడిచి, కంప్యూటర్ ఎవరికి ఏం గుర్తుచేస్తుందని అడిగితే క్లాసంతా గొల్లుమంది.

మేడం మాత్రం నవ్వలేదు. తాను తినబోతున్న పల్లీలు బల్ల మీద పోసి, పదేసి చొప్పున కుప్పలు పెట్టి, కుప్పకు చాలక మిగిలినవాటిని నా ముందుకు జరిపింది.

“గుర్తు చేసుడు కాదక్కా, గిట్ల మిగులుతయి సూడు, గివే రిమైండర్.”

“శేషమా? గంతేనా?” అన్నాను.

ఇంగ్లీషులో అవి రెండు వేరు వేరు మాటలని, నా చెవికే ఒకటిగా వినపడ్డాయని అప్పుడు తెలిసింది. శేషమనే తెలుగు మాట ఆమెకు తెలియదట, ఆమెది ఇంగ్లీషు మీడియం. ఎవరికి చేతనైన భాషలో వాళ్లం ఒక్కటే లెక్క మోస్తున్నామని తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం.

పరీక్ష నాడు తెల్లవారేసరికి మా అమ్మాయికి ఒళ్లు కాలిపోతోంది. పోనని కూలబడ్డాను. మా అత్తమ్మ అప్పటికే పిల్లను భుజాన వేసుకుంది.

“నువ్వు పో బిడ్డా, దవాఖానకు నేను తీస్కపోత. సదువుల నేను సున్న గని, పిల్లల్ని సాకుట్ల కాదు.”

పరీక్షలో నేను తీసిన ప్రశ్న చీటీలో వచ్చింది ఆ అంకెలు తిరగేసే లెక్కే. రాశాను, పరీక్ష పెట్టడానికి వచ్చిన సారు పన్నెండు వందలు కొట్టి చూస్తే ఇరవై ఒకటి వచ్చింది. సున్నలు ఏమైనయ్ అన్నాడు. ముందుకొచ్చిన సున్నకు విలువ ఉండదు సార్ అని చిన్నప్పటి బడి పాఠమే అప్పజెప్పాను. తల ఊపి పాస్ వేశాడు. ఇంటికొచ్చేసరికి పిల్లకు జ్వరం దిగింది, అత్తమ్మ దాని కాళ్ల దగ్గరే కూర్చుని కునుకు తీస్తోంది.

ఉద్యోగం వచ్చింది. ఏడాదికోసారి ఉంటుందో ఊడుతుందో అని బిక్కుబిక్కుమంటూనే, కళ్లు మసకబారి, మెడ పట్టేసేదాకా చేశాను. ఆ ఉద్యోగమే ఇల్లు నడిపింది, పిల్లను చదివించింది. నేను చదివిన చదువు ఇప్పుడు ఎవరికీ పనికిరాదు, మా అమ్మాయి ఫోనుకు నోటితో చెబితే అదే చేసిపెడుతుంది.

మెచ్చుకున్నవాళ్లంతా నన్నే మెచ్చుకున్నారు. ఒకటి వెనక సున్న నిలబడితేనే అది పది అవుతుందని తెలిసి కూడా, నా వెనక ఎవరు నిలబడ్డారో ఒక్కరికైనా చెప్పలేదు. బీపీ మొదలైన కొత్తలో, “గోలీ ఏస్కున్నవా బిడ్డా” అని పొద్దున్నే అడిగేది అత్తమ్మే. ఆమె పోయింది, వెనకనే మా ఆయనా పోయారు. గుర్తుచేసే మనుషులు మిగల్లేదు గనుకే ఫోన్ గుర్తుచేస్తోంది. వద్దనుకుంటే దాని నోరు ఒక్క వేలితో నొక్కేయొచ్చు, అయినా అది మోగడం ఆగేదాకా వింటూ కూర్చుంటాను.